చక్రం కింద కుందేలు

రాయవే గుంటా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ బడి తెలుగులోకి దిద్దకు. నాకు సంతకం గీయడం ఒక్కటే వచ్చు, అదీ వంకర. నోరు మాత్రం వంకర కాదు. మొన్న దీపాలు పెట్టే వేళకి మీ అన్న పాడేరు నుంచి మోటారు బండి మీద వచ్చేడు కదా, గుమ్మంలో అడుగు పెడుతూనే "నానమ్మా, పాతగుడ్డ ఏదైనా ఉంటే పడీ" అన్నాడు. ఎందుకురా అంటే, ఘాటీ మలుపులో కుందేలు అడ్డొచ్చింది, చక్రానికి అంటుకుంది, తుడవాల అన్నాడు. "ఏదిరా అది?" అన్నాను. "అక్కడే ఉంటాది. ఈపాటికి ఏ నక్కో లాక్కెళ్ళుంటాది" అన్నాడు. "ఎవలిదిరా?" అన్నాను. వాడు నవ్వేడు. "కుందేలు ఎవలిదేటి నానమ్మా? దానికి పట్టా ఉంటాదా?" అని, చక్రం తుడుచుకుని, ఆ గుడ్డని పెరట్లోకి విసిరి, కాళ్ళు చాపుకుని టీ తాగేడు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. జాలి అని రాసీవు, రాయకు. కుందేళ్ళంటే నాకు జాలి లేదు, బోల్డన్ని తిన్నాను. నాకు కోపం. ఆ కోపం ఇప్పటిది కాదు. మీ తాత సైకిలు నాటిది.

ఏ సంవత్సరమో నన్నడక్కు. తెల్లదొరల కాలం. కొండకి బళ్ళ బాట కొత్తగా కొట్టిన రోజులు. నేను కాపరానికి వచ్చి ఏడాది తిరగలేదు, ఇంకా ఒళ్ళు పెరుగుతూనే ఉంది, పుట్టింటి రవికలు చంకల్లో పట్టేసేవి. మాది పాచిపెంట దిగువన పల్లె. మా అత్తోరిదీ ఆ చుట్టుపక్కలే గానీ, మీ తాత తండ్రి బతికుండగానే కొండెక్కి, సంతల్లో పసుపూ చింతపండూ పిప్పళ్ళూ కొని దిగువకి పంపే యాపారం పెట్టేడు. అరకు లోయలో ఈ కొండోళ్ళ ఊరి చివరే, వాళ్ళు చూపించిన జాగాలో, గడ్డి కప్పిన ఇల్లు. ఊరు వాళ్ళది, కొండ వాళ్ళది, నీళ్ళ ఊట వాళ్ళది. మాది ఆ గడ్డీ ఆ గోడలూ మాత్రమే, అవైనా వాళ్ళు ఉండమన్నంత కాలం. ఈ సంగతి నాకు వచ్చిన కొద్ది రోజులకే తెలిసిపోయింది. మీ తాతకి తెలియడానికి కుందేలు చావాల్సి వచ్చింది.

ఆ ఇల్లంటే ఇప్పటికీ ముందు ముక్కుకి తగిలేది పసుపు ఉడికే వాసన. పెద్ద పెద్ద పెనాల్లో ఉడకబెట్టి, చాపల మీద ఆరబోసి, చేతులు మండిపోయేలా రుద్దేవాళ్ళం. చీర పసుపు, గోళ్ళు పసుపు, తాగే అంబలి కూడా అదే వాసన. మా అత్త ఆ పొగలో కూర్చుని తన పొగ తాను పీల్చేది. అడ్డపొగ. అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, మా వైపు ఆడోళ్ళకి అలవాటే. నోట్లో నిప్పుంచుకునే మాట్లాడేది, నిప్పుంచుకునే తిట్టేది, చుట్ట మాత్రం జారేది కాదు. "ఒలే, ఊటకెల్లి రా. బేగి. మీ అమ్మ నీకు నడక నేర్పకుండా అంపేసిందేటి?" ఆ ఊట ఊరికి పైన, రెండు బండల మధ్య. సన్నగా వచ్చేది గానీ ఎండాకాలంలో కూడా ఆగేది కాదు. ఊరి ఆడోళ్ళందరూ అక్కడే ముంచుకునేవారు. మొదట్లో నన్ను చూస్తే మాటలాపేసేవారు. వాళ్ళలో సుక్రి అని ఒక పెద్దావిడ, ముక్కుకి ఇటూ అటూ మధ్యలో పోగులు, మెళ్ళో పూసలు, మొగుడు పోయి చాలా కాలమైంది. ఆవిడే ముందు నోరు విప్పింది. "సావుకారి కోడలా, కుండ అలా గుచ్చీకు, బురద లెగుస్తాది. చిప్పతో తోడు. నీ ఎనక మేం కూడా తాగాల కదా." తిట్టే అది. కానీ మా అత్త తిట్టులా కాదు, అందులో నాక్కూడా చోటుంది.

ఇంక సైకిలు. దిగువన ఏ దొర దగ్గర పనిచేసినవాడో అమ్మేస్తే మీ తాత కొన్నాడు. బాట అప్పటికి పూర్తి కాలేదు, సగం దూరం కొండోళ్ళే కావిడికి కట్టి మోసుకొచ్చేరు. మనిషిని మోసే బండిని మనుషులు మోసుకొచ్చేరన్నమాట. దాన్ని నడవాలో నిలబెట్టి, గోనె పట్టా కప్పి, పక్కన మంచం వేసుకుని పడుకునేవాడు మీ తాత. నేను వంటింట్లో అత్త పక్కన. పొద్దున్నే కొబ్బరి నూనె దానికి, మిగిలింది నా తలకి. ఒకసారి ఊట నుంచి వచ్చి తడి చేత్తో దాని గంట ముట్టుకున్నాను. ఒక్కసారే, ట్రింగుమంది. మీ తాత లోపల్నుంచి వచ్చి చెవి మీద కొట్టేడు. "తుప్పు పడతాదని తెలీదేటి, దిగువ మొద్దా!" అన్నాడు. తనూ ఆ దిగువోడే. ఆ చెవిలో ఆ గంట చాలా రోజులు మోగింది. ఆ రోజునుంచీ నేను ఆ బండి చెడు కోరేను. దాచను.

నా కోరిక అడివి విన్నట్టుంది. ఆ బాట మీద ఆ బండికీ అడివిలో చిన్నా చితకా జీవాలకీ పడేది కాదు. వాటికి ఎడ్లబండి తెలుసు, దూరం నుంచే కిర్రుమంటాది, తప్పుకుంటాయి. మనిషి అడుగు తెలుసు. ఇదేటి, చప్పుడు లేకుండా గాలిలా వచ్చి మీద పడతాది. సంతల రోజుల్లో మీ తాత మునిమాపు వేళకి దెబ్బతో రాని వారం లేదు. ఒకనాడు ముంగిస చక్రంలోకి దూరి, పుల్లలు రెండు వంచేసి, బతికే పోయింది. ఈయన మోకాళ్ళు చెక్కుకుపోయి వచ్చేడు. ఒకనాడు బాట మీద ఎండ కాగుతున్న ఉడుము లెగలేదు, గంట కొట్టినా లెగలేదు, తిట్టినా లెగలేదు, దిగి కర్రతో పొడిస్తే తోకతో పిక్క మీద ఒక్కటిచ్చింది, వాత తేలిపోయింది. అలుగు ఉంటాది చూడు, ఒళ్ళంతా పెంకులున్న జీవి, బెదిరితే ఉండలా చుట్టుకుపోతాది, దాన్ని మసక వెలుతుర్లో రాయి అనుకుని పక్కనుంచి పోబోయేడు, ఆ రాయి నడిచింది. ఈయన లోయలోకి పడబోయి తుప్పల్లో చిక్కుకున్నాడు. ఏదుపంది ముల్లు టైరులో దిగిన రోజు సైకిలు నెట్టుకుంటూ వచ్చేడు. ఆ ముల్లు మా అత్త దాచుకుంది, పాపిడి తీయడానికి బాగుంటాదని. దాంతో నా తల దువ్వేటప్పుడు చర్మం గీరుకుపోయేలా గీసేది, "నీ మొగుడి బండిని ఆపిన ముల్లే ఇది, నీ జుట్టు ఒక లెక్కేటి" అని.

మీ తాతకి అవన్నీ పగోళ్ళు అయిపోయేయి. హ్యాండిలుకి వెదురు కర్ర కట్టుకున్నాడు. నక్క కనిపిస్తే రాయి, ఉడుత కనిపిస్తే రాయి. గాయానికి నేను పసుపు అద్దుతూ ఉంటే పళ్ళు కొరుకుతూ చెప్పేవాడు, "ఒక్కటి, ఒక్కటి నా చక్రం కింద పడాల. అప్పుడు తెలుస్తాది ఈ కొండకి." నేను తల వంచుకుని అద్దేదాన్ని. గాయం మీద కాస్త గట్టిగానే అద్దేదాన్ని.

ఇలా ఉండగా చైత్రం వచ్చింది. ఇప్పపూలు రాలి ఊరంతా తియ్యగా పులిసిన వాసన. కొండోళ్ళకి అది ఇటుకల పండగ. ఇప్పుడు నీకు పండగంటే మైకులూ సినిమా పాటలూ. అప్పుడు పండగంటే వేట. మగోళ్ళందరూ విల్లంబులు, బరిసెలు పట్టుకుని పొద్దున్నే కొండెక్కాల. డప్పులు కొట్టి, కేకలేసి, జీవాల్ని పొదల్లోంచి లేపి ఒక వైపుకి తోలాల. ఆ వేట రక్తం విత్తనాల్లో కలిపితే గానీ ఆ ఊళ్ళో సామలూ చోళ్ళూ దుక్కిలో పడవు. ఏదో ఒకటి కొట్టుకు రావాల, కొండగొర్రె గానీ, కుందేలు గానీ. ఉట్టి చేతుల్తో వస్తే ఊరి మొదట్లో ఆడోళ్ళు వరసగా నిలబడి పేడ ముద్దలతో కొడతారు. నవ్వులాటే గానీ ఉత్త నవ్వులాట కాదు. వదినలూ మరదళ్ళూ పెళ్ళాలూ నోటికొచ్చిన మాటనీ, చేతికొచ్చిన పేడనీ విసురుతారు. అది మగోళ్ళు పడాల. పడి, కడుక్కుని, మర్నాడు మళ్ళీ కొండెక్కాల.

ఆ ఏడు ఏం పోయేకాలమో, అడివి మూసుకుపోయింది. రోజూ ఉట్టి చేతులే. మొదట్లో నవ్వుకున్న ఆడోళ్ళు తర్వాత నవ్వకుండా కొట్టడం మొదలెట్టేరు. ఊట దగ్గర సుక్రి అంది, "ఆకాశం సూడు, కోడలా. మబ్బు ఒచ్చేస్తాది. విత్తనం బుట్టలోనే ఉన్నాది. మా మగోళ్ళ విల్లుకి సిగ్గు నేదు." ఇంకొకామె అంది, "బాట కొట్టడానికి ఎట్టికి పట్టుకుపోయి నడుములు ఇరగ్గొట్టేసినారు కదా, ఇంకేటి గురి నిలుస్తాది?" అదీ నిజమే. కూలి లేకుండా ఆ బాట కొట్టింది వాళ్ళే. బండలు పగలగొట్టింది వాళ్ళు, మట్టి మోసింది వాళ్ళు. ఆ బాట మీద మొదట తిరిగిన చక్రం మా ఇంటిది.

ఆ రోజు సంత. పొద్దంతా మా పసుపు చాపల దగ్గర కూర్చుని పై కొండ మీద డప్పులు వింటున్నాను. ఒక దరి నుంచి మొదలై, అలా అలా కిందికి, బాట వైపుకి జరుగుతున్నాయి. "ఇయాళ ఏదో లేచింది" అని మా అత్తతో అంటే, "లేస్తే నీ పుట్టింటోళ్ళకేటి? చాప తిరగెయ్" అంది. పొద్దు వాలేక డప్పులు ఆగిపోయేయి. ఇవాళ కూడా తప్పిపోయిందన్నమాట. ఆడోళ్ళు పేడ తట్టల్తో ఊరి మొదట్లో చేరేరు. మగోళ్ళు తలలు దించుకుని దిగేరు. పేడ పడుతోంది. తిట్లు పడుతున్నాయి. అప్పుడు వినిపించింది గంట. ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్. ఆపకుండా.

మీ తాత బాట మీంచి ఊళ్ళోకి వచ్చేడు. రోజూ ఊరి పక్కనుంచి మా ఇంటికి అడ్డదారిన వచ్చేవాడు, ఆ రోజు నడి ఊళ్ళోంచి వచ్చేడు. హ్యాండిలుకి చెవులు కట్టి కుందేలు వేలాడుతోంది, మూతి నుంచి రక్తం ముందు చక్రం మీద కారుతోంది. ముఖం నిండా పళ్ళు. ఆ పేడ కారుతున్న మగోళ్ళ ముందు ఆపి, ఒక కాలు నేలకి ఆనించి, "సూసేరా! విల్లు నేదు, అంబు నేదు. మీ కొండే నాకు తెచ్చి ఇచ్చింది!" అన్నాడు. పిచ్చి మనిషి. ఊరు తనని మెచ్చుకుంటాదనుకున్నాడు. కొత్త అల్లుడిలా ఎదురొచ్చి బొట్టు పెడతారనుకున్నాడు. ఒక ఆడకూతురు తన మొగుడి వైపు తిరిగి కేకేసింది, "సూడు, సూడు! సావుకారి తొక్కుకుంటూ తెచ్చేసినాడు! నువ్వేటి తెచ్చినావు, ఈపున పేడ!" అందరూ పగలబడి నవ్వేరు. ఆ నవ్వు మీ తాత తనకి మెప్పు అనుకుని, గంట ఇంకోసారి కొట్టి, మా ఇంటికి తొక్కుకొచ్చేడు. కేకలు విని వచ్చి ఆడోళ్ళ వెనకాల నిలబడ్డ నేను ఆ మగోళ్ళ ముఖాలు చూసేను. మీ తాత చూడలేదు.

మా అత్త కుందేల్ని చూసి చుట్ట తీసి పక్కన పెట్టింది. ఆవిడ చుట్ట తీయడం నేనదే మొదటిసారి చూడ్డం. అప్పటికప్పుడు కోసి, అల్లం దంచి, మిరియాలు వేసి ఉడికించింది. తల మా పెరటి కుక్కకి విసిరేసింది. మీ తాత తింటూ చెప్పేడు, బాట మలుపులో తుప్పల్లోంచి బెదిరి ఉరుక్కుంటూ వచ్చిందట, సరిగ్గా చక్రం కిందకే. "పైనుంచి డప్పుల మోత, దాని గుండె అప్పటికే సగం పగిలిపోయుంటాది" అన్నాడు నవ్వుతూ. ఆ మాట తన నోటితోనే అన్నాడు, తన చెవికి వినపడలేదు. నేను చెప్పినా, నా మాట ఆ ఇంట్లో ఎవలు వింటారు?

మర్నాడు కుండ పట్టుకుని ఊటకి వెళ్ళేను. బండల మధ్య ముళ్ళకంప అడ్డంగా వేసుంది. ఆడోళ్ళు పక్కనుంచి దూరి ముంచుకుంటున్నారు. నేను వంగితే సుక్రి తన కుండ నా కుండకి అడ్డం పెట్టింది. కొట్టలేదు, తిట్టలేదు. "నీకు నేదు, కోడలా" అంది. "ఏటి సేసేనత్తా నాను?" అంటే, "నువ్వు సెయ్యలేదు. మీ ఇల్లు సేసింది. ఎల్లు. కింద గెడ్డలో ముంచుకో" అంది. గెడ్డ అంటే కింద ఉన్న వాగు. ఎండాకాలం, గేదెలు దొర్లిన గుంటలు తప్ప అందులో నీళ్ళేవి? దిగడానికి ఒక జాము, నెత్తిన కుండతో ఎక్కడానికి ఇంకో జాము. ఆ నీళ్ళు గుడ్డలో వడకట్టి కాచినా పేడ వాసనే. మా అత్త ఒక గుక్క తాగి ఉమ్మేసి, కుండ నా కాళ్ళ దగ్గర పగలగొట్టింది. "ఊట నీళ్ళు తెస్తే రా, నేకపోతే మీ అమ్మింటికి నడు. నీళ్ళు తేలేని కోడలు నాకెందుకు?" తెచ్చింది కొడుకు, తిన్నది తల్లీ కొడుకులు, నడవమన్నది నన్ను. నాకు పుట్టింట్లో తల్లి లేదప్పటికి, సవతి తల్లి. అక్కడికెళ్తే ఆ గుమ్మం కూడా ముళ్ళకంపే. అందుకే నాకు ఆ ఊట కావాల. ఇంకేటీ అక్కర్లేదు, ఆ ఊట.

సాయంత్రం ఊరి పెద్ద సోమ్రా వచ్చేడు. ముసలాయన, బక్క మనిషి, వెనకాల ఒక అరడజను మంది మగోళ్ళు. ఇంట్లోకి రాలేదు, వాకిట్లో ఉన్న సైకిలు ముందు నిలబడ్డాడు. దాని చక్రం మీద ఎండిన రక్తం వేలితో గీకి చూసేడు.

"తల ఏది, సావుకారీ?"

"తలేటి?"

"కుందేలు తల. దేవతకి పెట్టాల కదా."

"కుక్క తినేసింది. కావాలంటే కుక్కనడుగు" అన్నాడు మీ తాత. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వెనకున్నోళ్ళలో ఒకడు ముందుకురికేడు. సోమ్రా చెయ్యి అడ్డం పెట్టేడు. "ఎవలిదని తిన్నావు?"

"ఎవలిదేటి? బాట మీద పడింది. బాట సర్కారుది."

"బాట మేం కొట్టినాం" అన్నాడు సోమ్రా. గొంతు లేవలేదు. "మా సేతులు పగిలి కొట్టినాం. అది పోనీ. ఆ కుందేల్ని పొద్దుగాల పై కొండ కాడ లేపింది మేం. డప్పు కొట్టి, రాళ్ళల్లో కాళ్ళు కోసుకుని, నీ సక్రం కాడిదాకా తోలుకొచ్చింది మేం. వేటలో తోలిన జీవి ఎవలి దెబ్బకి పడినా ఊరిదే. ప్రతి గుమ్మానికీ వాటా. నీ గుమ్మానికీ వాటా. నువ్వడిగుంటే తొడ నీకే ఇచ్చీవాళ్ళం, నీ దెబ్బకి పడింది గనక. నువ్వు ఊరి నోట్లోది లాక్కుని, ఊరి ముందే గంట కొట్టినావు."

మీ తాత నవ్వు అప్పుడు పోయింది. అయినా నోరు పోలేదు. "ఒక కుందేలు. దిగువనుంచి మేకని తెచ్చి పడీనా?" అన్నాడు. సోమ్రా మా అత్త వైపు తిరిగి, "మీ ఆయన ఈ జాగా అడిగినప్పుడు నా కాడ కూకుని అడిగినాడు, అమ్మా. నీ కొడుకు సైకిల్ మీద కూకుని మాటాడతన్నాడు" అన్నాడు. నిజమే, మీ తాత అప్పుడు సైకిలు సీటు మీద ఒక పిర్ర ఆనించుకునే ఉన్నాడు. మా అత్త గబగబా కళ్ళతో సైగ చేసింది, దిగేడు. దిగేక చూస్తే పొట్టిగా కనిపించేడు.

తీర్పు చిన్నది. రేపు మీ తాత కూడా వేటకి రావాల. చక్రం లేదు, చెప్పులు లేవు. డప్పు పట్టుకుని తోలేవాళ్ళలో నడవాల. ఏదైనా పడితే వాటా అందరితో పాటు. పడకపోతే పేడ అందరితో పాటు. దీనికి ఒప్పుకుంటే ఊట మీద కంప తీస్తాం, కాదంటే బళ్ళు కట్టుకుని దిగిపోండి. మా అత్త మళ్ళీ అడ్డపొగ నోట్లో పెట్టుకుని, "ఎల్తాడు" అంది. మీ తాత ఆ రేయి సైకిలు మీద గోనె పట్టా కప్పి, మళ్ళీ తీసి, మళ్ళీ కప్పేడు.

పొద్దున్న వెళ్ళినవాడు మునిమాపుకి వచ్చేడు. ఆ రోజు కూడా అడివి ఏమీ ఇవ్వలేదు. ఊరి మొదట్లో వరసలో నేను చివర నిలబడ్డాను, నన్ను రమ్మన్నది సుక్రే. చేతిలో తట్ట, తట్టలో పేడ, వెచ్చగా ఉంది. ముందు నుంచీ ఒక్కొక్కడూ వస్తున్నాడు, వాళ్ళవాళ్ళు కొడుతున్నారు. చివర్న మీ తాత. పాదాలు రెండూ రక్తం. బొబ్బలు చిట్లిపోయేయి. ముఖం మీద ముళ్ళ గీతలు. ఎవలూ చెయ్యెత్తలేదు. ఊరు ఊరంతా నా వైపు చూసింది. సుక్రి నా మోచేతిని పొడిచింది. "కొట్టు. మేం కొడితే పరాయోడిని కొట్టినట్టు. ఇంటిది కొడితేనే వరసలోకి వస్తాడు."

"ఒలే, దించు చెయ్యి" అన్నాడు మీ తాత. మెల్లగానే అన్నాడు, నాకొక్కదానికే వినిపించేలా. ఇంట్లో అయితే ఆ గొంతుకి నా చెయ్యి దానంతట అదే దిగిపోయేది. అక్కడ దిగలేదు. నా చెవిలో ఆ గంట మోగింది. మా అత్త పగలగొట్టిన కుండ పెంకు ఇంకా నా కాలి వేలిలో ఉంది. గురి చూసేను. ఆ ఊరి మగోళ్ళెవలికీ ఆ ఏడు లేని గురి నాకొచ్చింది. ముద్ద సరిగ్గా చెవి మీద పడింది, నన్ను ఏ వైపు చెవి మీద కొట్టేడో ఆ వైపే. "కోడలి విల్లు బాగున్నాది!" అని ఎవలో అరిచేరు, ఊరంతా గొల్లుమంది, అప్పుడు అందరూ కొట్టేరు, పేడ వానలా పడింది. మీ తాత నిలబడి పడ్డాడు. నవ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పారిపోలేదు కూడా, అంతవరకు చెప్పాల.

మర్నాడు కొండగొర్రె పడింది. మీ తాత డప్పు ఆ గుంపులోనే ఉంది. సందెకి సుక్రి అడ్డాకులో చుట్టి మా వాటా తెచ్చి గుమ్మంలో పెట్టింది, ఎవలి ఇంటికి ఎంతో మా ఇంటికీ అంతే. ముళ్ళకంప నేను వెళ్ళేసరికి లేదు. నేను చిప్పతో తోడుకున్నాను, బురద లేవకుండా. ఆ నీళ్ళు తెచ్చి కడవలో పోస్తే మా అత్త ఉమ్మకుండా తాగింది. ఆవిడకి అదే ఆశీర్వాదం.

మీ తాత మాత్రం నన్ను క్షమించలేదు. ఆ తర్వాత కాపరం చేసేం, పిల్లల్ని కన్నాం, ఆయన పోయినప్పుడు నేను ఏడ్చేను. కానీ ముసలితనంలో కూడా కోపం వస్తే చెవి తడుముకునేవాడు. తడుముకోనీ అనుకునేదాన్ని. సైకిలు తొక్కడం మానలేదు. అయితే ఊరి పొలిమేర రాగానే దిగి, నడిపించుకుంటూ వచ్చేవాడు. ఏదైనా చక్రం కింద పడితే తెచ్చి సోమ్రా ముందు పెట్టేవాడు, విసురుగా, ముఖం చిట్లించుకుని. ఆయన ఇష్టంగా చేసేడని నేను చెప్పను. చేసేడు, అంతే. మనిషి మంచోడవ్వక్కర్లేదు గుంటా, ఊరు గట్టిగా ఉంటే చాలు.

ఇప్పుడు నువ్వు అడుగుతావు, ఇయాళ పొద్దున్న ఎందుకలా చేసేను అని. నువ్వే రాస్తున్నావు గనక అది కూడా రాయి. వాకిట్లో కళ్ళాపికి పేడ కలుపుతున్నాను. మీ అన్న తల దువ్వుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బండి ఎక్కేడు. ఆ చక్రం సందుల్లో ఇంకా బూడిదరంగు వెంట్రుకలు అంటుకునే ఉన్నాయి. "మలుపు కాడ ఆగి చూడరా, దాన్ని తీసి పక్కనైనా పెట్టరా" అన్నాను. "టైము నేదు నానమ్మా" అన్నాడు. నేను అటూ ఇటూ చూసేను. వరసలో నిలబడ్డానికి ఎవలూ లేరు. సుక్రి పోయింది, ఆవిడ కూతుళ్ళూ పోయేరు, మనవరాళ్ళు తలుపులేసుకుని రేడియో వింటున్నారు. నేనొక్కదాన్నే విసిరితే అది ఉత్త పేడ. ముసల్దానికి పిచ్చెక్కింది అంటారు.

అయినా విసిరేను. ఈ వయసులో కూడా గురి పోలేదు. కళ్ళద్దాల మీద పడింది. "నీకు మతి పోయిందేటే!" అని గావుకేక పెట్టి దిగేడు, నా మీదకి రాబోయేడు, నా ముఖం చూసి ఆగిపోయేడు. వాకిట్లో పంపు తిప్పేడు. మొహం కడుక్కున్నాడు, అద్దాలు కడుక్కున్నాడు, చక్రం కూడా కడిగేసేడు. నీళ్ళు ఎవల్నీ అడక్కుండానే వచ్చేయి.